ఇత్తడి కోతి కథ ఇక ఆపండి బాబూ!

మా టీం గ్రూపులో మళ్ళీ అదే ఫార్వర్డు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నావికులు ఎముకలు కొరికే చలిని 'బ్రాస్ మంకీస్' అనేవారు, అది నిజమే. కానీ పాతకాలం ఓడల్లో ఫిరంగి గుళ్ళు పేర్చే ఇత్తడి పళ్ళేన్ని 'మంకీ' అనేవారట, చలికి అది కుంచించుకుపోయి గుళ్ళు దొర్లిపోయేవట! దానికి ముప్ఫై స్మైలీలు. మనం ఇంజినీర్లమేనా అసలు? మీటరు పొడవు ఇత్తడి 30 డిగ్రీలు చల్లబడితే ఇనుము కన్నా అదనంగా తగ్గేది పావు మిల్లీమీటరు. అయినా ఊగే ఓడ మీద గుళ్ళని గుట్టగా పేరుస్తారా ఎవరైనా? గుంటలు తొలిచిన చెక్క పలకల్లో పెట్టేవారు. (కాలేజీలో ఇదే కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణే నేనూ. అందుకే ఈ మంట.)

1941 నుంచి రష్యాకి సరుకు చేరవేసిన ఆర్కిటిక్ కాన్వాయ్‌లలో డెక్ మీద పేరుకున్న మంచుని గొడ్డళ్ళతో కొట్టెయ్యకపోతే, ఆ బరువుకి ఓడే తిరగబడే ప్రమాదం. రాత్రి కాపలా వాళ్ళకి దిక్కల్లా 'కై', అంటే చాక్లెట్ దిమ్మని తురిమి మరిగే నీళ్ళలో కలిపిన చిక్కటి కోకో. ఆ కప్పు కోసం ఎదురుచూసినవాళ్ళ సంగతి మాత్రం ఎవడూ ఫార్వర్డు చెయ్యడు.

గ్రూపులో ఇదంతా రాస్తే ఒకడు "చిల్ బ్రో" అన్నాడు. చలి గురించే అన్నాడేమో మరి.