ఎకరం ఎంతుంటుందండీ?

ఎండాకాలం సెలవలకి రాజమండ్రి, కాకినాడ, భీమవరం వచ్చే మన ఐటీ జనాలకి కొత్త సరదా ఒకటి పట్టుకుంది. పొద్దున్నే ఐదింటికి రాజమండ్రిలో కారెక్కడం, గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్ళడం, ఎండ ముదరక ముందే కాస్త కొండ దారిన నడిచి భూపతిపాలెం నీళ్ళ దగ్గర కూర్చోవడం. మంచిదే. మే నెల ఉక్కలో ఫ్యాను కింద పడుకుని మొబైలు చూసుకోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. నా గొడవ నడక గురించి కాదు, నడక అయ్యాక వచ్చే ప్రశ్న గురించి. ఇడ్లీ పొట్లం విప్పి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్న అరగంటకే ఎవరో ఒకరు అడుగుతారు: "ఇక్కడ ఎకరం ఎంతుంటుందండీ?"

ముందు చిన్న సవరణ. అది సరస్సు కాదు. సీతపల్లి వాగుకి అడ్డంగా కట్ట కట్టి, సాగు కోసం నిలిపిన నీళ్ళు. "మనిషి అడుగు పడని చోటు" అని ఫొటో కింద రాసుకునేవాళ్ళు ఆ ఫొటో దిగింది కట్ట మీద నిలబడే! ఇక మనిషి అడుగంటారా, మనం హైకింగ్ అనుకుంటున్న దారి కొండరెడ్లో కోయలో నడిచి నడిచి వేసిందే. వేసవంటే వాళ్ళకి సెలవలు కాదు. చింతపండు, తేనె, అడ్డాకులు... అడవిలో పని కాలం.

సరే, ఎకరం సంగతి. ఎంతైనా సరే, మీరు కొనలేరు. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్ని 1970లో సవరించారు, జనం నోట్లో అది "1/70". గిరిజనుడి భూమి బయటివాళ్ళు కొనకూడదన్నది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. ఏజెన్సీలో ఒక గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమిని ఇంకో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా ఒకప్పుడు గిరిజనుడిదే అనుకుని చట్టం మొదలెడుతుంది. మన భాషలో చెప్పాలంటే డిఫాల్ట్ వాళ్ళదే, కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళి, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రభుత్వమైనా సరే ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం కుదరదంది.

ఇది చెప్పగానే మనవాళ్ళ మొహాలు మాడిపోతాయి. "పాత చట్టం అండీ, డెవలప్‌మెంట్‌కి అడ్డం. రిసార్టులొస్తే వాళ్ళకే కదా ఉద్యోగాలు!" ఏ ఉద్యోగాలు? తన పొలంలో లేచిన రిసార్టుకి తనే వాచ్‌మన్. ఇంకో తెలివైనాయన "స్థానికుల పేరు మీద పెట్టి మనం మేనేజ్ చేద్దాం" అంటాడు. దీన్ని తెలుగులో బినామీ అంటారు. ఆఫీసులో ఎవరో పాస్‌వర్డ్ ఇంకొకరికిచ్చారని తెలిస్తే గగ్గోలు పెట్టేది కూడా ఈ మనుషులే.

అదేంటో గానీ, ఈ మనుషులే కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు టాహో పక్కన డెసొలేషన్ వైల్డర్‌నెస్‌లో కొండ చెరువు చూడటానికి, ఒక్క పూట నడకకైనా సరే, బుద్ధిగా పర్మిట్ కాగితం నింపుతారు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వల్ల అక్కడ రోడ్డు లేదు, బండి లేదు, హోటలు లేదు. "చూశారా, ఎంత శుభ్రంగా కాపాడుకుంటారో!" అని ఇంటికి ఫోన్లు. (ఆ టాహో చుట్టూ ఉండే వాషో జాతి వాళ్ళ చోట్లు అంతకు ముందే లాగేసుకున్నారనుకోండి, అది ఫోన్లో చెప్పరు.) అక్కడ చట్టానికి దణ్ణం పెట్టినవాడికి ఇక్కడ చట్టం అడ్డమెలా అయింది? ఇక్కడా నిశ్శబ్దం ఊరికే మిగల్లేదు. కొననివ్వని చట్టం ఒకటుంది కాబట్టి, దాని కోసం కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆమాత్రమైనా మిగిలింది.

నిజం సరస్సే కావాలంటే మన గుమ్మం ముందే ఉండేది, కొల్లేరు. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రాంసార్ జాబితాలో చేరింది. అప్పటికే అందులో ఎక్కడ చూసినా చేపల చెరువులు. పేరు స్థానికులది, సొసైటీలది. వెనక డబ్బు చాలాచోట్ల బయటివాళ్ళది. 2006లో ప్రభుత్వం గట్లు పేల్చాల్సి వచ్చింది. అక్కడ 1/70 లేదు మరి.

కాబట్టి వచ్చే ఆదివారం బయల్దేరే బ్యాచ్‌కి నా విన్నపం. నీళ్ళు పట్టుకెళ్ళండి, ఖాళీ సీసాలు తిరిగి తెచ్చుకోండి. ఈత రానివాళ్ళు రిజర్వాయర్లో దిగకండి. దారి చూపించిన కుర్రాడికి బొంగులో చికెన్ తినిపించి సరిపెట్టకుండా డబ్బులివ్వండి. ఎకరం ధర అడక్కపోతే తిన్నది అరగదంటారా, తిరిగొచ్చాక అమలాపురంలో అడగండి. కొబ్బరితోట అమ్మకానికి పెట్టిన చుట్టాలు మా వాళ్ళలోనే ముగ్గురున్నారు.