ఉత్తర దీవులకు ఒక రోజు: పడవ ఎక్కే ముందు



నవంబర్ 2 దగ్గర పడుతోంది. 1834లో ఆ రోజున 'అట్లాస్' ఓడ మీద వచ్చిన కూలీలను తలచుకుని, మనం పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌లో పూలు పెడతాం. ఘాట్ అంటే మన భాషలో రేవు. ఓడ దిగే చోటు.

బడి సంవత్సరం ముగిసేది కూడా ఆ రోజుల్లోనే. ఇళ్ళలో, గుడి తరగతుల్లో విహారం మాట వస్తుంది. "ఈసారి పడవ మీద ఉత్తర దీవులకు వెళ్దాం" అంటారు పిల్లలు. "మాకు ఈత రాదు కదా" అంటారు అమ్మమ్మలు. ఈ రెండు మాటలకూ సరిపోయే రోజును ఎలా తయారు చేసుకోవాలో ఈ నెల చూద్దాం. కింద గీత గీసినట్టు గుర్తు పెట్టుకోవలసిన మాటలు చివర ఇచ్చాను.

దారి

పడవలు గ్రాండ్ బే నుండి బయలుదేరతాయి. ఉదయం తొమ్మిదింటికి బయలుదేరి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తిరిగి వస్తాయి. బే దాటగానే ఎడమ చేతి వైపు ప్వాంత్ ఓ కానోనియే కనిపిస్తుంది. కుడి చేతి వైపు తీరం కాప్ మాలెరో దాకా సాగుతుంది. ఎదురుగా సముద్రంలో ఏటవాలుగా కోసిన చెక్కముక్కలాంటి కొండ ఉంటుంది. అది క్వాన్ ద మీర్. పాత రోజుల్లో ఫిరంగి గొట్టాన్ని పైకి ఎత్తడానికి దాని కింద పెట్టే చెక్కముక్కను ఆ పేరుతో పిలిచేవారు. కొండను చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో మీకే తెలుస్తుంది. దాని మీద దిగకూడదు. అది పక్షుల ఇల్లు. తెల్లగా, పొడుగు తోకతో ఎగిరే పాయ్-ఆన్-క్యూ పక్షులు అక్కడ గూళ్ళు పెడతాయి. పడవలోంచి చూస్తే చాలు.

ఇంకా ముందుకు వెళ్తే రెండు దీవులు పక్కపక్కన ఉంటాయి. పెద్దది ఇల్ ప్లాట్, చిన్నది ఇలో గాబ్రియెల్. రెండింటి నడుమ లేత నీలం నీళ్ళు, తెల్లని ఇసుక. ఈత ఆగుడు ఇక్కడే. దూరంగా కనిపించే ఇల్ రోండ్, ఇల్ ఓ సెర్పాన్ అన్నవి ప్రకృతి రక్షణలో ఉన్న దీవులు. అక్కడికి విహారం లేదు.

ఎన్ని ఆగుళ్ళు?

"ఒక రోజులో నాలుగు చోట్ల ఈత" అని చెప్పే పడవవాళ్ళు ఉంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ప్రతి ఆగుడుకూ లంగరు వేయాలి, మనుషులను దించాలి, ఎక్కించాలి, తల లెక్క చూడాలి. ఇరవై మంది గుంపుకు ఈ పనికే చాలా సమయం పోతుంది. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే రెండు ఆగుళ్ళు చాలు. ఒకటి దీవి మీద నడకకు, ఒకటి ఈతకు. తిరుగు దారిలో సముద్రం నెమ్మదిగా ఉంటే క్వాన్ ద మీర్ దగ్గర మూడోది. నెమ్మదిగా లేకపోతే వద్దు. ఈ మాట ముందే అందరికీ చెప్పండి. అప్పుడు పిల్లలు అలగరు.

గాలి సంగతి

మన దేశంలో గాలి ఎక్కువగా ఆగ్నేయం నుండి వీస్తుంది. జూన్ నుండి సెప్టెంబర్ దాకా అది బలంగా ఉంటుంది. వెళ్ళేటప్పుడు మనం ఉత్తరానికి వెళ్తాం కాబట్టి గాలి వెనక నుండి, పక్క నుండి తోస్తుంది. అందుకే ఉదయం అందరూ నవ్వుతూ ఉంటారు. వచ్చేటప్పుడు గాలికి ఎదురు రావాలి. అలలు పడవ ముందు భాగాన్ని కొడతాయి, నీళ్ళు మీద పడతాయి, చలి వేస్తుంది. వాంతులు మొదలయ్యేది కూడా అప్పుడే. పొడి బట్టలు, తువ్వాలు తిరుగు ప్రయాణానికి దాచి ఉంచండి. కడుపు తిప్పేవాళ్ళు పడవ మధ్యలో కూర్చుని దూరపు తీరాన్ని చూడాలి. ఫోను చూడకూడదు.

నవంబర్‌లో నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గాలి చాలా రోజులు తగ్గి ఉంటుంది. కానీ తుఫాను కాలం మొదలయ్యేది కూడా అప్పుడే. ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ మాట వినండి. తుఫాను హెచ్చరిక గానీ, పెద్ద అలల హెచ్చరిక గానీ ఉంటే ప్రయాణం మానుకోవాలి. డబ్బు ఇచ్చే ముందే "వాతావరణం బాగా లేకపోతే మా డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకో రోజు ఇస్తారా?" అని అడిగి, జవాబు రాయించుకోండి. డబ్బు పోతుందన్న భయంతోనే మనుషులు చెడ్డ సముద్రం మీదికి వెళ్తారు.

అడగవలసిన ప్రశ్నలు

పడవకు టూరిజం అథారిటీ లైసెన్సు ఉందా? ఎంతమందిని ఎక్కించడానికి అనుమతి ఉంది? ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా? పిల్లల కొలతలో ఉన్నవి ఎన్ని? నీడ ఎంతమందికి సరిపోతుంది? మరుగుదొడ్డి ఉందా? మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు చిన్న పడవలోకి దిగి, ఒడ్డుకు చేరగలరా? ఇల్ ప్లాట్ మీద దించుతారా, లేక గాబ్రియెల్ మీద మాత్రమేనా?

చివరి ప్రశ్న మరచిపోకండి. చాలా పడవలు గాబ్రియెల్ ఇసుక మీదనే దించుతాయి. ఇల్ ప్లాట్ మీద ఎందుకు దిగాలో కింద చెబుతాను.

తిండి

పడవ భోజనం అంటే సాధారణంగా నిప్పుల మీద కాల్చిన చేప, కోడి, సాసేజీలు. నవంబర్ అంటే మనకు కార్తీకమాసం కూడా. చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. ఒకే ఇనుప చువ్వల మీద చేపా కూరగాయలూ కాలుస్తారు కాబట్టి "శాకాహారం కూడా ఉంది" అన్న మాట సరిపోదు. మన పులిహోర తీసుకెళ్ళడం మంచిది. చింతపండు పులుపు వల్ల మధ్యాహ్నం దాకా చెడదు, చల్లగా తిన్నా బాగుంటుంది. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, దాన్ని ఇంట్లో ఉంచండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి. పడవ మీద రమ్ము ఉచితంగా పోస్తారు. తాగినవాళ్ళు నీళ్ళలోకి దిగకూడదని గుంపు పెద్ద ఉదయమే, అందరూ వినేలా చెప్పాలి. మధ్యాహ్నం చెబితే ఎవరూ వినరు.

ఈత

మనలో చాలామందికి సముద్రం అంటే కార్తీక పౌర్ణమి గంగాస్నానమే. మొలలోతు నీళ్ళలో నిలబడి, మూడు మునకలు వేసి, దీపం వదిలి వచ్చేస్తాం. దీవిలో పుట్టి, దీవిలో పెరిగి, ఈత నేర్చుకోని పెద్దలు మన కుటుంబాల్లో ఎందరో. అందులో సిగ్గుపడవలసింది లేదు. కానీ ప్రణాళిక వాళ్ళను చూసే వేయాలి, బాగా ఈదే కుర్రవాళ్ళను చూసి కాదు.

తెలుగులో ఒక సామెత ఉంది: దిగితే గానీ లోతు తెలియదు. జీవితానికి మంచి సామెత. పడవకు కాదు. పడవలో లోతు తెలిశాకే దిగాలి. సరంగును అడగండి: ఇక్కడ ఎంత లోతు? నీళ్ళు ఎటు లాగుతున్నాయి?

ఇల్ ప్లాట్‌కూ గాబ్రియెల్‌కూ నడుమ నీళ్ళు అద్దంలా కనిపిస్తాయి, కానీ ఆ సందులో ప్రవాహం బలంగా ఉంటుంది. మన దగ్గర ఆటుపోట్ల తేడా చిన్నదే, సుమారు అర మీటరు. అయినా ఇరుకు దారిలో అంత నీరు వేగంగా పారుతుంది. ఒక దీవి నుండి ఇంకో దీవికి ఈదుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ప్రవాహం లాగితే దానికి ఎదురు ఈదకూడదు. ఊపిరి అలసిపోతుంది. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. ఓపిక ఉంటే అడ్డంగా, పక్కకు ఈదాలి.

నలుగురు పిల్లలకు ఒక పెద్దవారు నీళ్ళలో, ఇంకొకరు ఒడ్డున. ఒడ్డున ఉన్నవారి పని చూడటమే, ఫోటోలు తీయడం కాదు. మాస్క్, ట్యూబా మొదటిసారి పెట్టుకునే పిల్లలు మొలలోతు నీళ్ళలో పది నిమిషాలు అలవాటు చేసుకోవాలి. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండాలి. ఇసుకలో లాఫ్ చేప రాయిలా పడి ఉంటుంది, దాని ముళ్ళలో విషం ఉంది. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్ళలో కాలు పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పగడాల మీద నిలబడకండి. అవి రాళ్ళు కావు, ప్రాణులు.

ఇల్ ప్లాట్ మీద ఎందుకు దిగాలి?

1854లో కలరా మన దేశంలో వేలమందిని చంపింది. ఆ భయంతో, ఓడలో రోగం ఉందని తెలిస్తే కూలీలను పోర్ట్ లూయిస్‌లో దింపకుండా దూరంగా ఉంచేవారు. ప్వాంత్ ఓ కానోనియే ఒక చోటు. ఇల్ ప్లాట్, గాబ్రియెల్ ఇంకో చోటు. 1856 జనవరిలో కలకత్తా నుండి హైదరీ, ఫత్తే ముబారక్ అనే రెండు ఓడలు వచ్చాయి. వాటిలోని మనుషులను గాబ్రియెల్ మీద దింపారు. అక్కడ సరైన నీడ లేదు, నీళ్ళు లేవు, వైద్యం లేదు. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ వార్త తెలిశాక భారతదేశంలోని ప్రభుత్వం మారిషస్‌కు కూలీలను పంపడం కొంతకాలం ఆపింది. తరువాత ఇల్ ప్లాట్ మీద కట్టిన కట్టడాల గోడలు, సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1855లో కట్టిన దీపస్తంభం కూడా ఉంది.

ఆ రెండు ఓడలూ కలకత్తావి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి వచ్చారు. కోరంగి పేరు మీదనే ఇక్కడ మనల్ని 'కోరంగీలు' అన్నారు. అయినా ఓడల మీద నియమం ఒక్కటే. ఏ రేవు నుండి వచ్చినా, జ్వరం వస్తే తీరం కనిపిస్తూనే దూరమయ్యేది. గాబ్రియెల్ ఇసుక మీద నిలబడి దక్షిణానికి చూడండి. మన కొండలు కనిపిస్తాయి. వాళ్ళకూ కనిపించాయి.

అయితే అక్కడ ఈత కొట్టవచ్చా? కాల్చిన చేప తిని, సెగా ఆడవచ్చా? కొందరు తప్పు అంటారు. నా అభిప్రాయం వేరు. వెళ్ళకపోతే మరచిపోతాం. వెళ్ళి ఏమీ చెప్పకుండా వచ్చినా మరచిపోతాం. పిల్లలు ఆ నీళ్ళలో ఆడుకోవాలి, ఆ నీళ్ళ కథ కూడా వాళ్ళకు తెలియాలి. అందుకే వరుస ముఖ్యం. మొదట ఇల్ ప్లాట్ మీద నడక, తరువాత ఈత, తరువాత భోజనం. భోజనం అయ్యాక చరిత్ర చెబితే పిల్లలు నిద్రపోతారు.

రోజు వరుస

8:30 రేవు దగ్గర తల లెక్క, లైఫ్ జాకెట్లు.
9:00 బయలుదేరడం.
10:30 ఇల్ ప్లాట్. నడక. సమాధుల దగ్గర ఒక నిమిషం మౌనం. కట్టిన పూలు తీసుకెళ్ళవచ్చు, ప్లాస్టిక్ వద్దు.
11:45 గాబ్రియెల్ దగ్గర ఈత.
1:15 భోజనం, నీడలో విశ్రాంతి.
2:30 తల లెక్క, తిరుగు ప్రయాణం.
4:15 గ్రాండ్ బే. మళ్ళీ తల లెక్క.

ఈ నెల మాటలు

రేవు: ఓడలు, పడవలు ఆగే చోటు.
ఓడ: సముద్రం దాటే పెద్దది. పడవ: చిన్నది.
సరంగు: పడవను నడిపే పెద్ద.
లంగరు: పడవ కదలకుండా నీళ్ళలో వేసే బరువైన ఇనుము.
ఆటు: సముద్రం వెనక్కి తగ్గడం. పోటు: ముందుకు పొంగడం.
తేలు: నీటి మీద నిలవడం. తేలుతున్నాను, తేలాను.
మునక వేయు: కావాలని తల ముంచి లేవడం.
మునిగిపోవు: లేవలేకపోవడం.

చివరి రెండు మాటలు కలపకండి. "తాతగారు మునక వేశారు" అంటే గంగాస్నానం అయింది. "తాతగారు మునిగిపోయారు" అంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకు వస్తారు.

ఇంటి పని: మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని అడగండి: "మనవాళ్ళు ఏ రేవులో ఓడ ఎక్కారు?" జవాబును తెలుగులో మూడు వాక్యాలుగా రాసి తరగతికి తీసుకురండి. తెలియదు అంటే, తెలియదని రాసి, ఎవరిని అడిగారో కూడా రాయండి.