మనుమడు పామును పెంచుతానంటే

గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి అమ్మాయి కుటుంబం కాలిఫోర్నియాలో ఉంటోంది. 12 ఏళ్ళ మనుమడు తన పుట్టినరోజుకు పాము కావాలని పట్టుపట్టాడట. కుక్కపిల్ల కాదు, కుందేలు కాదు, పాము! తల్లిదండ్రులు మొదట కసిరినా ఇప్పుడు మెత్తబడ్డారట. "దాని పేరు గోఫర్ పాము అట. విషం లేదు అమ్మమ్మా అంటాడు వాడు. అక్కడ ఇదంతా మామూలే అంటారు మా అల్లుడుగారు. నాగులచవితికి పుట్టలో పాలుపోసి దణ్ణం పెట్టుకునేవాళ్ళం, ఇంట్లో పామును పెట్టుకోవడమేమిటి? నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇది క్షేమమేనా?" అని అడిగారు.

అమ్మా, మీకు నిద్ర పట్టే మాట ముందు చెబుతాను. ఆ పామువల్ల మీ మనుమడికి ప్రమాదం చాలా తక్కువ. మీ మనుమడివల్ల ఆ పాముకు కలిగే ప్రమాదం గురించి మాత్రం ఆ ఇంటివారు కాస్త ఆలోచించాలి.

ముందు అది ఎలాంటి పామో చూద్దాం. గోఫర్ అంటే నేలలో కలుగులు తవ్వుకొని, వేళ్ళూ దుంపలూ కొరికి పంటలు పాడుచేసే ఒక జంతువు. మన పందికొక్కు చేసే పనే అక్కడ అది చేస్తుంది. దాని కలుగులో దూరి దాన్నే తినే పాము కాబట్టి దీనికి గోఫర్ పాము అని పేరు. ఎలుకలూ, చిట్టెలుకలూ, పక్షులూ, వాటి గుడ్లూ కూడా తింటుంది. విషం లేదు, ఎరను చుట్టలు చుట్టి బిగించి చంపుతుంది. ఇరుకు కలుగులో చుట్ట వేయడానికి చోటు లేకపోతే ఎరను గోడకేసి అదిమిపెడుతుంది. కెనడా దక్షిణ ప్రాంతం నుంచి మెక్సికో ఉత్తర భాగం దాకా, అమెరికా పశ్చిమ రాష్ట్రాలన్నిటా ఇది ఉంది. గోధుమవన్నె ఒంటిమీద నల్లటి మచ్చలు గొలుసులా సాగుతాయి. దీని శాస్త్రీయనామంలో 'కాటెనిఫర్' అన్న మాటకు గొలుసు ధరించినదని అర్థం. మామూలుగా 3 నుంచి 5 అడుగులు పెరుగుతుంది. మధ్య మైదానాలలో ఉండే దీని దాయాదిని బుల్ స్నేక్, అంటే ఎద్దుపాము అంటారు. అది 6 అడుగులు దాటడం కూడా కద్దు. తూర్పు రాష్ట్రాల పైన్ అడవులలో ఉండేవి పైన్ పాములు. అన్నీ ఒక కుటుంబమే.

ఈ కుటుంబానికంతటికీ ఒక విద్య తెలుసు. అది నటన. భయపడితే ఈ పాము ఒంటిని చుట్టగా ముడుచుకుని, తలను వెడల్పుగా చదును చేసి, తోకను ఎండుటాకులలో గలగలమని ఆడిస్తుంది. పైన ఇంత పెద్ద బుస! దీని గొంతులో, గాలిగొట్టం మొదట్లో, నిలువుగా ఒక పలచని పొర ఉంది. ఊపిరి వేగంగా వదిలినప్పుడు ఆ పొర అదురుతుంది. ఆ మోతను కొంచెం దూరం నుంచి విన్నవాళ్ళు అచ్చం రాటిల్ స్నేక్ అనుకుంటారు. రాటిల్ స్నేక్ అంటే తోక చివర గిలక ఆడించే అమెరికా విషసర్పం. మనం గిలకపాము అనుకుందాం. ఈ నటన గద్దనూ నక్కనూ బెదరగొట్టడానికి పనికివస్తుంది. మనిషి దగ్గర మాత్రం దీని ప్రాణం మీదికే తెస్తుంది. గిలకపామనుకుని పార తీసుకుని కొట్టి చంపేస్తారు. పొలాన్ని కాపాడే పాము, వేషం బాగా వేసినందుకు చచ్చిపోతుంది!

ఎద్దుపాములు గిలకపాములతో జతకట్టి విషపు సంకరజాతిని పుట్టిస్తాయని అక్కడి పల్లెలలో ఒక నమ్మకం ఉంది. మన జెర్రిపోతు తాచుతో జతకడుతుందని మనవాళ్ళు అనుకోరూ? ఇదీ అలాంటిదే. ఎద్దుపాము గుడ్లు పెడుతుంది, గిలకపాము పిల్లలను కంటుంది. రెండింటికీ పొత్తు కుదిరే ప్రశ్నే లేదు.

ఇక పెంపకం మాట. మచ్చిక అవుతుందా అంటే, అలవాటు పడుతుంది అనడం సరి. కుక్కలాగా యజమానిని చూసి తోక ఊపదు. పిల్లగా ఉన్నప్పుడు ప్రతిదానికీ బుసకొడుతుంది. రోజూ నెమ్మదిగా, రెండు చేతులతో, ఒంటికంతకూ ఆధారమిచ్చి ఎత్తుకుంటూ వస్తే కొన్ని నెలలలో చాలావరకు శాంతిస్తుంది. కరిస్తే సన్నని పళ్ళు గీరుకుని నాలుగు రక్తపు చుక్కలు వస్తాయి. సబ్బుతో కడుక్కోవాలి. తిన్న తరువాత రెండు రోజులపాటు దాన్ని కదపకూడదు, కదిపితే తిన్నది కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారతాయి. చూపు ఆనదు కాబట్టి అప్పుడు చిరాకుగా ఉంటుంది. ఆ రోజులలోనూ దాని జోలికి పోకూడదు.

ఇల్లు కూడా దానికి తగినట్టుండాలి. పెద్ద పాముకు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు పెట్టె కావాలి. ఒక పక్క 85 నుంచి 88 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి, రెండో పక్క 75 ప్రాంతం. పాము ఒంట్లో సొంత వేడి పుట్టదు. వేడి కావాలంటే ఇటు, చల్లదనం కావాలంటే అటు జరుగుతుంది. వేడిపలకకు థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే ఒళ్ళు కాలుతుంది. కలుగులలో బతికే జాతి కాబట్టి అడుగున ఆస్పెన్ కర్ర పొట్టు మందంగా పరవాలి. సీడర్ కర్ర పొట్టు పనికిరాదు, దానిలోని నూనెలు పాములకు విషం. దాక్కోవడానికి రెండు గూళ్ళు, తాగడానికి నీళ్ళగిన్నె ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం మూత. గడియ వేసే మూత లేకపోతే తెల్లవారేసరికి పెట్టె ఖాళీ అయి, ఇల్లంతా వెతుకులాట మొదలవుతుంది.

తిండి దగ్గర చాలా ఇళ్ళలో చిక్కు వస్తుంది. పాము పాలతోనూ అన్నంతోనూ బతకదు. దానికి చిట్టెలుకలే కావాలి. చంపి, గడ్డకట్టించినవి అక్కడ కొట్లలో అమ్ముతారు. వాటిని కరిగించి, వెచ్చబరచి ఇవ్వాలి. బతికున్న ఎలుకను లోపల వదిలితే అదే పామును కొరికి గాయపరచవచ్చు. పిల్లపాముకు వారానికొకసారి, పెద్దదానికి 10 నుంచి 14 రోజులకొకసారి చాలు. ఇప్పుడు చెప్పండి, శాకాహారుల ఇంట్లో వంకాయలూ పెరుగూ పెట్టే ఫ్రిజ్‌లో చచ్చిన ఎలుకల పొట్లాలు ఎవరు చూడగలరు? దీన్ని నవ్వి వదిలేయకూడదు. తల్లి మనసుకు గిట్టని పని ఇంట్లో ఏళ్ళతరబడి సాగదు. కావాలనుకుంటే వాటికి వేరే చిన్న ఫ్రీజర్ కొని, వంటింటికి దూరంగా పెట్టుకోవాలి. అది ఇష్టం లేకపోతే పాము మాటే వద్దు.

ఆరోగ్యం సంగతి. పాములూ తాబేళ్ళూ వంటి జీవుల ఒంటిమీద, మలంలో సాల్మనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. పాము ఆరోగ్యంగానే కనబడుతుంది. మనకు విరేచనాలూ జ్వరమూ వస్తాయి. 5 ఏళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి జీవులు వద్దని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. 65 దాటినవారికీ, రోగనిరోధకశక్తి తగ్గినవారికీ కూడా ఈ జబ్బు గట్టిగా తగలవచ్చు. కాబట్టి మీరు ఆ ఇంటికి వెళ్ళినప్పుడు భయపడవలసింది కాటుకు కాదు. చేతులు కడుక్కోకుండా వచ్చి మీ పళ్ళెంలో చెయ్యిపెట్టే మనుమడికి! పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దాని గిన్నెలను వంటింటి తొట్టిలో కడగకూడదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ డబ్బుతో, జాగ్రత్తతో గట్టెక్కేవే. అసలు ప్రశ్న వేరే ఉంది. మంచి పోషణలో ఈ పాము 20 ఏళ్ళు బతుకుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈనాడు 12 ఏళ్ళ పిల్లవాడు అప్పటికి 32 ఏళ్ళ గృహస్థు. మధ్యలో కాలేజీ చదువు వస్తుంది. హాస్టల్ గదిలో పామును సాధారణంగా ఉండనివ్వరు. ఉద్యోగం వస్తుంది, ఊరు మారుతుంది. పామంటే కంపరమెత్తే కోడలు రావచ్చు. ఇంటిల్లిపాదీ నెలరోజులు ఇండియా వస్తే నీళ్ళు మార్చేదెవరు, తిండి పెట్టేదెవరు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది పిల్లవాడు కాదు, వాళ్ళ అమ్మా నాన్నా. పిల్లవాడి సరదా తీరిపోయిన నాడు ఆ పాము తమదే అవుతుందని ఒప్పుకున్న తల్లిదండ్రులే దాన్ని ఇంటికి తేవాలి.

సరదా తీరాక పెరటిలో వదిలేస్తే సరి అనుకునేవారున్నారు. అది పాముకూ మంచిది కాదు, ఆ ఊరికీ మంచిది కాదు. దీనికి దగ్గరి బంధువైన కాలిఫోర్నియా కింగ్ స్నేక్ పెంపుడు పాముగానే స్పెయిన్‌వారి గ్రాన్ కనేరియా దీవికి చేరింది. పెట్టెలనుంచి బయటపడ్డవి అడవిలో స్థిరపడినట్లు 1998లో తెలిసింది. సహజంగా ప్రపంచంలో మరెక్కడా పుట్టని అక్కడి పెద్ద బల్లులను అవి తినేస్తున్నాయి. పామును చూసి ఎరగని బల్లులకు పారిపోవడమైనా తెలియలేదు. అవి స్థిరపడినచోట్ల ఆ బల్లులు దాదాపు కనుమరుగయ్యాయి.

అలాగే అడవి పామును పట్టితెచ్చి పెంచడమూ తగదు. లూసియానా పైన్ పామునే చూడండి. పొడవాకు పైన్ అడవులు నరికివేయడంతో అక్కడి గోఫర్లు తగ్గాయి, వాటితోపాటే పామూ తగ్గింది. పెట్టేవి ఈతకు 3 నుంచి 5 గుడ్లే. 2018లో అమెరికా ప్రభుత్వం దాన్ని ఆపదలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. ఇప్పుడు జంతుప్రదర్శనశాలలు పిల్లలను పుట్టించి అడవులలో వదులుతున్నాయి. ఒకరు అడవికి పాములను చేరవేస్తుంటే, మరొకరు సరదాకు పట్టుకుపోవడం న్యాయం కాదు కదా. పెంపకందారు పెట్టెలో పుట్టిన పిల్లనే కొనాలి.

చట్టం కూడా రాష్ట్రానికొక తీరు. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు. దొరికితే 2 లక్షల డాలర్లదాకా జుర్మానా, 3 ఏళ్ళదాకా జైలు. జార్జియాలో అక్కడి స్థానిక పాములను, విషం లేనివాటినయినా, పెంపుడుకు ఉంచుకోనివ్వరు. కాబట్టి కొనకముందే తమ రాష్ట్రపు వన్యప్రాణి శాఖను అడిగి తెలుసుకోవాలి.

అమ్మా, నన్నడిగితే వాళ్ళు ఒక ఏడాది ఆగాలి. ఈలోగా మీ మనుమడు పాముల గురించి చదవాలి. దగ్గరలోని ప్రకృతి మ్యూజియానికి వెళ్ళి పెద్దల సమక్షంలో పామును చేతబట్టి చూడాలి. ఏడాది తరువాత కూడా ఆ కోరిక అలాగే ఉంటే, అప్పుడు కొనవచ్చు. ఈ ఏడాదిలో ఒక్క నియమం మాత్రం వాడికి గట్టిగా చెప్పండి: ఆరుబయట కనబడిన ఏ పామునూ ముట్టుకోకూడదు. గోఫర్ పాముకు తోక సన్నగా మొనతేలి ఉంటుంది, గిలక ఉండదు, కనుపాప గుండ్రంగా ఉంటుంది. కాని గిలక ఊడిపోయిన గిలకపాములూ ఉంటాయి. ఆనవాళ్ళు పట్టడానికి దగ్గరికి వెళ్ళడం మూర్ఖత్వం. దూరంగా నిలబడితే దాని దారిన అది పోతుంది.

ఇది చదివి మన పిల్లలెవరైనా ఉత్సాహపడితే వారికీ ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతును పట్టడం, పెంచడం, చంపడం మూడూ నేరమే. గోఫర్ పాము అక్కడి పొలాలలో చేసే పనిని మన చేలల్లో జెర్రిపోతు చేస్తోంది. అది పొడుగ్గా, వేగంగా పోతుంటే తాచనుకుని కర్రలు తీసేవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేమీ కాదు. ధాన్యపు కొట్టం దగ్గర అది కనబడినప్పుడు పిల్లలను పక్కకు పిలిచి, నాలుగు నిమిషాలు ఆగి, పోనివ్వండి. దానికి పెట్టె అక్కరలేదు, వేడిపలక అక్కరలేదు, ఎలుకలను అదే వెతుక్కుంటుంది.