డీజీపీ గారికి, కత్తి ముందు నిలబడమని నేర్పించకండి

ఆంధ్రప్రదేశ్ డీజీపీ గారికి,

2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థినిని కత్తితో పొడిచి చంపారు. అయినా ఆత్మరక్షణ తరగతుల్లో ఇంకా చెక్క కత్తి పట్టుకున్న చెయ్యి మెలితిప్పడమే నేర్పుతున్నారు. అసలు దాడిలో కత్తి ఒక్క పోటుతో ఆగదు. విద్యార్థినులను ముందు పరుగెత్తమనండి, కేకలు వెయ్యమనండి. దారి లేకపోతే పుస్తకాల బ్యాగు ఛాతీకి అడ్డం పెట్టుకోమనండి. దిగబడిన కత్తిని లాగకూడదనీ, రక్తం కారే గాయాన్ని మడిచిన చున్నీతో 108 వచ్చేదాకా గట్టిగా అదిమి ఉంచాలనీ చేసి చూపించండి.

చుట్టూ ఉన్నవాళ్లు కేసు భయంతో సాయం చెయ్యడానికి వెనకాడతారు. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకునేవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ అండగా ఉంది. కత్తిపోట్లు తిన్నవారిని ఆసుపత్రికి చేర్చేవారికి ఆ సెక్షన్ వర్తించదు. వాళ్లను వేధించవద్దని ప్రతి స్టేషన్‌కూ మీరే ఉత్తర్వు పంపండి.

ఇట్లు,
ఒక కళాశాల అధ్యాపకురాలు