కుర్చీ ఇచ్చినా... కొమ్ముకాయలేదు!

అమెరికాలో చట్టాలు చేసేది కాంగ్రెస్. అమలుచేసేది అధ్యక్షుడు. వాటిలో తప్పొప్పులు తేల్చేది సుప్రీంకోర్టు. ఎవరి పని వారిదే అయినా ఒకరిమీద ఒకరి కన్ను ఉంటుంది. 1974లో రిచర్డ్ నిక్సన్‌కి ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. వాటర్‌గేట్ కేసులో వైట్‌హౌస్ సంభాషణల టేపులు ఇవ్వనంటే ఇవ్వనన్నాడాయన. 'ఇవ్వాల్సిందే' అంటూ జులై 24న ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. వారిలో ముగ్గురు నిక్సన్ నియమించినవారే! తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ కూడా వారిలో ఒకరు. ఆ నెలలోనే ప్రతినిధుల సభ కమిటీ అభిశంసన అభియోగాలను ఆమోదించింది. ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగాడు. అక్కడ సెనేట్ ఒప్పుకుంటే న్యాయమూర్తిని కూర్చోబెట్టేది అధ్యక్షుడే. కానీ, దించే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఆ తీర్పు వెనకున్న ధైర్యం అదే మరి!