ఆయిల్ అమ్మినవాడే కాలిన ఆయిల్ వెనక్కి తీసుకోవాలి

వానాకాలం దుక్కులు మొదలయ్యే ముందు మన ఊళ్లలో కనిపించే దృశ్యమే ఇది. వేపచెట్టు కింద ట్రాక్టర్ నిలబెడతాం. ఇంజిన్ అడుగున పాత తట్ట పెట్టి బోల్టు విప్పుతాం. నల్లటి ఆయిల్ ధారగా కారుతుంది. ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి, గంట తిరగకుండా బండిని చేనికి తోలుకపోతాం. తట్టలో మిగిలిన ఏడెనిమిది లీటర్ల కాలిన ఆయిల్ ఎటు పోతుందో మనకు తెలియనిది కాదు. కొంత తలుపు చౌకట్లకు పూస్తాం, కొంత గెట్టు మీది గడ్డికి పోస్తాం, మిగిలింది మోరీలోకి ఒంపేస్తాం. బొంరాస్‌పేటలోనైనా, కొడంగల్, పరిగి, తాండూరు పల్లెల్లోనైనా తీరు ఇదే.

దీని మీద మాట్లాడగానే పట్నం పెద్దలు ఒక మాట అంటారు: "రైతులు సొంతంగా ఆయిల్ మార్చుకోవడం ఎందుకు? షోరూముకు పోవచ్చు కదా!" ముందు ఈ మాటకు జవాబు చెప్పాలి.

కంది విత్తే అదును నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టర్‌ను షోరూముకు తోలాలంటే పోనూ రానూ డీజిల్ కాలుతుంది, ఒక రోజు పోతుంది. మా సభ్యుడొకరు కిందటేడు అట్లాగే ఒక సర్వీసు సెంటరుకు పోయి రెండు రోజులు పడిగాపులు కాశాడు. బిల్లులో ఆయిల్ ధర ఒకటి, కూలి ఒకటి, ఎందుకో తెలియని 'ఇతర ఖర్చులు' ఇంకొకటి. ఇంటికొచ్చి గేజీ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ గీత కిందే ఉంది. వారంటీ ఉన్నన్నాళ్లు షోరూముకు తప్పదు. తరువాత కూడా మన బండి బోల్టు మనం విప్పుకోవద్దంటే ఒప్పుకోం. ఎడ్ల బండి ఇరుసుకు కందెన పెట్టుకున్న రైతుకు ఇంజిన్ ఆయిల్ మార్చుకోవడం రాని విద్య కాదు.

పని తెలిసి చేయాలి, అంతే. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చమని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది, కొన్ని కొత్త మోడళ్లకు గడువు ఇంకా ఎక్కువ. మన బండి పుస్తకంలో ఎంతుందో అదే పాటించాలి. ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ పలుచబడి మడ్డితో సహా కిందికి దిగుతుంది. మరీ కాగి ఉన్నప్పుడు విప్పితే చేతులు కాలుతాయి. బండి సమతలం మీద ఉండాలి. ఫిల్టర్ తప్పక మార్చాలి, బోల్టు వాషర్ అరిగితే అదీ మార్చాలి. కొత్త ఆయిల్ పోశాక రెండు నిమిషాలు నడిపి, ఆపి, కాసేపాగి కడ్డీ చూడాలి. ఇంతవరకు మన రైతులకు ఎవరూ నేర్పక్కర్లేదు. తప్పు జరుగుతున్నది ఆ తరువాతే.

కాలిన ఆయిల్ కొత్త ఆయిల్ లాంటిది కాదు. ఇంజిన్‌లో వందల గంటలు తిరిగినప్పుడు అరిగిన ఇనుము, బేరింగుల నుంచి వచ్చిన రాగి, సీసం, కంపెనీ కలిపిన రసాయనాల్లోని జింకు, డీజిల్ మసి అన్నీ అందులోకి చేరతాయి. ఆ మసిలో కేన్సర్ కారక పదార్థాలు ఉంటాయి. ఇది మేం కల్పించి చెబుతున్నది కాదు. కొత్త ఆయిల్ డబ్బా తిప్పి చూడండి. వాడిన ఆయిల్ చర్మానికి ఎక్కువసేపు తగలనీయొద్దని, భూమిలో, నీళ్లలో పారబోయొద్దని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. రాసింది మాత్రం మనలో చాలామంది చదవలేని ఇంగ్లీషులో!

ఒకసారి మార్చిన కారు ఆయిల్, అంటే సుమారు ఒక గ్యాలన్, పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెబుతోంది. లీటరుకు పది లక్షల లీటర్లన్నమాట. ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఒక ట్రాక్టర్ ఏడాదికి 750 గంటలు నడిస్తే మూడుసార్లు ఆయిల్ మార్చాలి. మారిస్తే ఏడు లీటర్ల చొప్పున 21 లీటర్లు. ఊళ్లో 30 ట్రాక్టర్లు ఉంటే 630 లీటర్లు. అంటే మూడు పెద్ద డ్రమ్ములు నిండుతాయి. మోటారు సైకిళ్లు, ఆటోలు, జేసీబీలు, నాపరాయి లారీలు ఇందులో లేవు. మనం తాగేది బోరు నీళ్లు. మన వైపు వాగులు కాగ్నా వైపు పారతాయి. తాండూరు జనం తాగేది ఆ కాగ్నా నీళ్లే. అది భీమాలో, భీమా కృష్ణలో కలుస్తాయి. మోరీలో ఒంపింది మాయమైపోదు, మన కిందివాళ్ల బిందెలోకి చేరుతుంది.

"చెదలు పోతాయి కదా" అంటారు. చౌకట్లకు పూసిన ఆయిల్ ఆ ఇంట్లో పాకే పిల్లల చేతులకు అంటుతుంది. "పశువుల గజ్జికి, గాయానికి మందు" అంటారు. పశువు తన ఒళ్లు తాను నాకుతుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. మందు కావాలంటే పశువుల డాక్టరును అడగాలి, ఇంజిన్‌ను కాదు. గెట్టు మీది గడ్డి చస్తుందని పోస్తే గడ్డితోపాటు మన్ను చస్తుంది. ఆయిల్ తాగిన మట్టిలో నీరు ఇంకదు, ఏళ్ల తరబడి మొలక రాదు. దేశమంతా పేరుపొంది 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పండేది ఈ నేలలోనే. ఆ నేలకు ఈ ఆయిల్ తాపడం తగునా?

తప్పు మనదొక్కరిదే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. దోమల సీజన్ వచ్చిందంటే పల్లెల్లో, పట్టణాల్లో ఏం చేస్తున్నారో చూడండి. రంపపు పొట్టును గుడ్డల్లో మూటకట్టి, కాలిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, 'ఆయిల్ బాల్స్' అని పేరుపెట్టి మోరీల్లో, నీటి గుంటల్లో వేస్తున్నారు. ఫొటోలు దిగి పేపర్లకు ఇస్తున్నారు. నీటి మీద ఆయిల్ పొర కట్టి దోమ పిల్లలు ఊపిరాడక చస్తాయి, నిజమే. ఆ పొర పెద్ద వాన రాగానే కుంటలోకి పోతుంది, అదీ నిజమే. చట్టం ప్రమాదకర వ్యర్థమని చెప్పిన దాన్ని సర్కారు సొమ్ముతో నీళ్లలో వేయడమేమిటి? కంచే చేను మేస్తే కాపు ఏం చేస్తాడు? నిలిచిన నీటికి దారి తీయండి, కుంటల్లో గంబూసియా చేపలు వదలండి, ఆరోగ్య శాఖ ఒప్పుకున్న మందు చల్లండి. కాలిన ఆయిల్ మాత్రం వద్దు.

ఇక అసలు బాధ్యుల దగ్గరికి వద్దాం. ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016లోనే వచ్చాయి. వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే పంపాలని అందులో ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్రం వాటిని సవరించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే వాడిన ఆయిల్ తిరిగి శుద్ధి అయ్యేలా చూడాలి. మొదటి ఏడాది లక్ష్యం 5 శాతం, ఏటా పెంచుతూ 50 శాతానికి తేవాలి. కాగితం మీద మంచి నియమమే. మరి మన మండలంలో ఏ ఆయిల్ దుకాణం ముందైనా "వాడిన ఆయిల్ తీసుకుంటాం" అన్న బోర్డు చూశామా? కంపెనీలు పెద్ద ఫ్యాక్టరీల దగ్గర, బస్సు డిపోల దగ్గర డ్రమ్ములకు డ్రమ్ములు దొరికేచోట లెక్క పూర్తి చేసుకుంటే సరిపోతుంది. తట్టలో ఏడు లీటర్లున్న రైతు గడప ఎక్కాల్సిన అవసరం వాళ్లకు లేదు. డబ్బా మీద 18 శాతం జీఎస్టీ మాత్రం ఆ రైతు దగ్గర కూడా వసూలవుతుంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది: పారబోస్తే నేరం, తీసుకునేవాడు లేడు.

కాలిన ఆయిల్ విలువ లేనిదనుకుంటే పొరపాటు. ఆయిల్ అరిగిపోదు, మురికి పడుతుంది. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిలే అవుతుంది. అందుకే మెకానిక్ దాన్ని డ్రమ్ములో పోసి అమ్ముకుంటాడు. అయితే ఆ డ్రమ్ము సెంట్రింగ్ రేకులకు పోతుందో, ఇటుక బట్టీలో పొగవుతుందో, గుడ్డలో వడగట్టి రంగు కలిపి కల్తీ ఆయిల్‌గా మళ్లీ మన ఇంజిన్‌లోకే వస్తుందో అడిగేవాడు లేడు. జర్మనీలో ఇంజిన్ ఆయిల్ అమ్మే దుకాణం ఎంత అమ్మితే అంత కాలిన ఆయిల్‌ను పైసా అడక్కుండా వెనక్కి తీసుకోవాలి. అక్కడ అమ్మేవాడికి ఆ బాధ్యత ఉన్నప్పుడు ఇక్కడ ఎందుకు ఉండదు?

అందుకే మేం అడుగుతున్నాం:

1. ఇంజిన్ ఆయిల్ అమ్మే ప్రతి దుకాణం, ప్రతి ట్రాక్టర్ షోరూము కాలిన ఆయిల్‌ను, పాత ఫిల్టర్లను ఉచితంగా వెనక్కి తీసుకోవాలి. ఆ ఖర్చు కంపెనీలదే.

2. ప్రతి రైతు వేదిక దగ్గర తాళం ఉన్న డ్రమ్ము పెట్టి, అనుమతి ఉన్న సేకరణదారు నెలకోసారి వచ్చి తీసుకెళ్లేలా కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. ఎంత పోయిందో, ఎక్కడికి పోయిందో లెక్క గ్రామసభలో చెప్పాలి.

3. ఆయిల్ బాల్స్ ఆపాలి.

4. డబ్బా మీది హెచ్చరిక తెలుగులో, కంటికి కనిపించే అక్షరాల్లో ఉండాలి.

5. ఇవన్నీ ఏర్పాటు చేయకముందే రైతు మీద కేసు, జరిమానా అంటే ఊరుకోం.

అడిగే హక్కు నిలవాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి. ఈ నెల నుంచే మనం చేయగలిగింది ఉంది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే కాలిన ఆయిల్ పోసి మూత బిగించండి. పురుగుమందు డబ్బాలో పోయొద్దు. నీళ్లు, పెట్రోలు, గ్రీజు కలపొద్దు, కలిపితే శుద్ధి చేసేవాడు తీసుకోడు. ఫిల్టర్‌ను తలకిందులు చేసి ఒక రాత్రంతా కారనివ్వండి. కింద పడినదాని మీద పొట్టో మట్టో చల్లి ఎత్తి, దాన్నీ విడిగా సంచిలో కట్టి పెట్టండి. చేతికి తొడుగు లేకపోతే ప్లాస్టిక్ కవరైనా కట్టుకోండి. డబ్బాలు పిల్లలకు, పశువులకు అందని చోట ఉంచండి.

అట్లా నిండిన డబ్బాలు ఊరూరా కూడబెడదాం. దుక్కులు అయిపోయాక ఒక తారీఖు అనుకుని, వాటిని ట్రాలీలో వేసుకుని ఎవరు ఏ దుకాణంలో కొన్నారో ఆ దుకాణం ముందుకే తీసుకపోదాం. దుకాణదారుతో మనకు పేచీ లేదు, అతనూ మనలాంటివాడే. అతని ముందు డబ్బాలు దించి, కంపెనీకి ఫోన్ చేయమని అడుగుదాం. అమ్మడానికి మన గడప దాకా దారి తెలిసిన కంపెనీకి వెనక్కి తీసుకపోవడానికీ ఆ దారే ఉంది.