తవ్విన డాంబరు ఎవరి సొత్తు?

దేశమంతటా ఆనకట్టలు కట్టింది పాలమూరు లేబర్. కాలువలు తవ్వింది పాలమూరు లేబర్. ఆ కష్టజీవుల గడ్డ మీద 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వెలిశాయి. బోర్డులు మారాయి, రోడ్డు పని తీరు మారలేదు. పాత డాంబరు మీద కొత్త డాంబరు పరుస్తారు. రోడ్డు ఎత్తు పెరిగి పక్కనున్న ఇండ్లు గుంతలో పడతాయి. వానొస్తే నీళ్లు గడప దాటుతాయి. లేదంటే పాతది చెక్కి లారీకెత్తుతారు. ఆ సరుకు ఎక్కడికి పోతోంది? ఏ లెక్కలో రాస్తున్నారు? మేం అడుగుతున్నాం.

అది చెత్త కాదు. డాంబరు రోడ్డులో నూటికి 95 పాళ్ల దాకా కంకరే. గుట్టలు పగలగొట్టి తెచ్చిన కంకర. మిగిలిన డాంబరు ముడిచమురు నుంచి వచ్చింది. దేశం వాడే ముడిచమురులో 80 శాతానికి పైగా దిగుమతే. ఎండకు, గాలికి డాంబరులో జిడ్డు తగ్గి పెళుసెక్కుతుంది, పగులుతుంది. అంతే తప్ప చావదు. ఇంజినీర్లు రిజువెనేటర్ అనే నూనె మందు తగుపాళ్లలో కలిపితే మళ్లీ మెత్తబడి కంకరను పట్టుకుంటుంది. ఇది గాలిమాట కాదు. పాత రోడ్డును తిరిగి వాడే పద్ధతిని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లోనే ఐఆర్‌సీ 120గా అచ్చేసింది.

పాతది కలిపితే నాణ్యత పోతుందనే పెద్దలకు ఒక్క మాట. మందు తక్కువైతే పగుళ్లు, ఎక్కువైతే మన ఎండల్లో లారీ చక్రాల కింద గాడులు పడతాయి. నిజమే. అందుకే పరీక్ష చేయమంటున్నాం. పరీక్ష వద్దనేవాడికి నాణ్యత మీద ప్రేమ ఉన్నట్టా, లెక్క మీద భయం ఉన్నట్టా?

రాజమహల్‌లో పాలిటెక్నిక్ నడిచిన ఊరు వనపర్తి. పరీక్షశాల అక్కడ ఎందుకు పెట్టరు? సివిల్ డిప్లొమా చేతబట్టుకొని మన పిల్లలు హైదరాబాద్ బస్సెక్కాల్సిందేనా?

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. కాళ్ల కింది డాంబరు కూడా నిధులే. చెక్కిన ప్రతి టన్నూ మెజర్‌మెంట్ బుక్కులోకి ఎక్కాలి. ఆ లెక్క పంచాయతీ గోడ మీద కనిపించాలి. ఆ సరుకు ముందు మన పల్లెల రోడ్లకే వాడాలి.

ఉద్యోగ సోదరులారా, 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు కలం దించిన చేతులు మీవి. ఇప్పుడు అదే కలం ఎత్తండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. విద్యార్థులారా, మీ ఊరి రోడ్డు మీద చెక్కే యంత్రం దిగిన రోజున లారీలు లెక్కపెట్టండి.